ఆకులో మందు - చేతిలో పని

అక్కా, చెల్లెమ్మా! మీ పెరట్లో తులసి ఉందా? కంచె మీద తిప్పతీగ పాకిందా? చేను గట్టున నేలవేము ఉందా?

వీటి పేర్లు మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. దగ్గు వస్తే తులసి కషాయం కాస్తాం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపితే త్రిఫల చూర్ణం అవుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. ఇదంతా ఆయుర్వేదమే.

మరి ఈ ఆయుర్వేదంతో నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చా? సంపాదించుకోవచ్చు. దానికి మూడు దారులున్నాయి. ఏ దారిలో ఎంత చదువు కావాలి, ఎక్కడ మోసం ఉంది అనేది ముందే తెలుసుకోవాలి.

మొదటి దారి: మొక్కలు

మందుల కంపెనీలకు వేర్లు, ఆకులు, కాయలు కావాలి. కొన్ని అడవిలో దొరుకుతాయి. కొన్నిటిని చేలో పండిస్తారు. అనంతపురం వైపు మెట్ట భూముల్లో అశ్వగంధ వేస్తారు. దీన్నే పెన్నేరు గడ్డ అంటారు. అయిదారు నెలల్లో వేరు తవ్వుతారు. కడిగి, ఎండబెట్టి, లావు వేర్లు వేరుగా, సన్న వేర్లు వేరుగా ఏరుతారు. లావు వేరుకు మంచి ధర పలుకుతుంది.

అయితే విత్తనం వెయ్యకముందే కొనేవాళ్లెవరో చూసుకోవాలి. "మీరు వెయ్యండి, మేం కొంటాం" అన్న నోటిమాట చాలదు. కాగితం మీద రాయించుకోవాలి. ఆ కాగితం మనమే చదవాలి.

అడవిలో ఏరేవాళ్లకు ఒక చట్టం ఉంది. అది 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం. అడవి మీద బతికే గిరిజనులకు, అక్కడ తరతరాలుగా ఉంటున్న ఇతరులకు కాయలు, గడ్డలు, ఆకులు ఏరుకుని అమ్ముకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది. గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నంలో మొదలైంది. దాన్నే జి.సి.సి. అంటాం. అది సంతల్లో, డిపోల్లో సరుకు కొంటుంది. ఇప్పుడు తెలంగాణకు వేరే జి.సి.సి. ఉంది. షావుకారుకు అమ్మేముందు జి.సి.సి. ధర ఎంతో అడగండి.

ఏరేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి. చెట్టు చుట్టూ బెరడు తీస్తే చెట్టు చచ్చిపోతుంది. గడ్డలన్నీ తవ్వేస్తే వచ్చే ఏడు గడ్డ ఉండదు. తిప్పతీగ కోస్తే మొదలు వదిలెయ్యాలి. ఆకును నీడన ఆరబెట్టాలి. తడి సరుకు మూట కడితే బూజు పడుతుంది. బూజు పట్టిన సరుకును ఎవరూ కొనరు. కొన్నా అది మందుకు పనికిరాదు.

ఒక లెక్క చూద్దాం. 10 కిలోల పచ్చి నేలవేము ఎండితే 3 కిలోలు అయిందనుకుందాం. కిలో 40 రూపాయలు అనుకుందాం. మనకు 120 రూపాయలు రావాలి. కాటా దగ్గర "రెండున్నర కిలోలే" అన్నారు. చేతికి 100 రూపాయలే వచ్చాయి. 20 రూపాయలు పోయాయి. పది వారాలు ఇలాగే జరిగితే 200 రూపాయలు పోతాయి. అందుకే కాటా ముల్లు మన కళ్లతో చూడాలి. అంకెలు నేర్చుకున్నది అందుకే గదా!

రెండో దారి: చికిత్సలో సాయం

ఆయుర్వేద ఆసుపత్రుల్లో నూనె మర్దన చేస్తారు. ఆవిరి పడతారు. నుదుటి మీద నూనె ధారగా పోస్తారు. దీన్ని శిరోధార అంటారు. డాక్టరు చెప్తే ఈ పనులన్నీ చేసే మనిషిని థెరపిస్టు అంటారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చెయ్యాలి. అందుకే ఈ పనిలో ఆడపిల్లల అవసరం ఉంది.

పని తేలిక కాదు. గంటలకొద్దీ నిలబడాలి. నూనె ఎంత వేడిగా ఉందో ముందు తన చేతి మీద చూసుకోవాలి. జ్వరం ఉన్నవాళ్లకు, గర్భిణులకు డాక్టరు చెప్పకుండా ఏమీ చెయ్యకూడదు.

దీనికి శిక్షణ ఉంది. కేరళ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలల్లో థెరపిస్టు, నర్సు, ఫార్మసిస్టు కోర్సులు నడుస్తున్నాయి. మన దగ్గర కూడా కొన్ని సంస్థలు నేర్పుతున్నాయి. కానీ పది రోజులు నేర్పి, వేలకు వేలు ఫీజు తీసుకుని, రంగు కాగితం చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టేముందు మూడు మాటలు అడగండి. ఈ కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు ఉందా? ఏ ఆసుపత్రిలో పని నేర్పుతారు? ఇంతకుముందు నేర్చుకున్నవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు?

పట్నంలో ఉద్యోగం అని ఎవరైనా పిల్లను తీసుకెళ్తామంటే చిరునామా రాయించుకోండి. ఇంటివాళ్లెవరైనా వెళ్లి ఆ చోటు చూసి రావాలి. జీతం, పని గంటలు, ఉండే చోటు కాగితం మీద ఉండాలి. అసలు సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చెయ్యొద్దు. నకళ్లు ఇస్తే చాలు.

మూడో దారి: డాక్టరు చదువు

ఇది మన పిల్లల కోసం. ఆయుర్వేద డాక్టరు చదువును బి.ఎ.ఎం.ఎస్. అంటారు. నాలుగున్నరేళ్లు చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో పని. మొత్తం అయిదున్నరేళ్లు. హైదరాబాదు ఎర్రగడ్డలో, వరంగల్లులో, విజయవాడలో ప్రభుత్వ కళాశాలలున్నాయి. తిరుపతిలో దేవస్థానం వారి కళాశాల ఉంది.

సీటు రావాలంటే నీట్ పరీక్ష రాయాలి. దాన్ని తెలుగులో కూడా రాయొచ్చు. కానీ ఇంటర్లో బై.పి.సి. చదివి ఉండాలి. అంటే దారి పదో తరగతి అయిన వేసవిలోనే తేలిపోతుంది. పిల్ల వేరే గ్రూపులో చేరిపోయాక "డాక్టరు చదివిద్దాం" అంటే కష్టం. మీ అమ్మాయి తొమ్మిదిలో ఉన్నప్పుడే ఈ మాట బడిలో పంతులమ్మతో మాట్లాడండి.

ఇవి చెయ్యకూడదు

చదువు, రిజిస్ట్రేషను లేకుండా డాక్టరు బోర్డు పెట్టకూడదు. లైసెన్సు లేకుండా మందు గానీ, తలనూనె గానీ తయారుచేసి అమ్మకూడదు. 1940 నాటి మందుల చట్టం దీనికి ఒప్పుకోదు. ఎండిన ఆకు అమ్మడం వేరు, దాన్ని మందు చేసి సీసాలో అమ్మడం వేరు.

కొనేటప్పుడు కూడా సీసా మీద చదవండి. తయారుచేసినవారి పేరు, ఊరు, లైసెన్సు నంబరు, తేదీ ఉండాలి. ఏమీ రాయని పొట్లం కొనొద్దు. అలాంటి కొన్ని మందుల్లో సీసం, పాదరసం ఎక్కువగా ఉండి మూత్రపిండాలు పాడైనవాళ్లున్నారు.

పాము కరిస్తే ఆకు పసరు కాదు, ఆసుపత్రి. క్షయ మందులు, సుగరు మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

మొక్క పేరు మనకు తెలుసు. ఇప్పుడు సీసా మీది పేరు, కాటా మీది అంకె, కాగితం మీది మాట కూడా చదవగలం. ఈ రెండూ కలిస్తే మనల్ని మోసం చెయ్యడం కష్టం.

మాట్లాడుకుందాం

1. మన ఊళ్లో దొరికే మందు మొక్కలు ఏవి? పది పేర్లు రాయండి.
2. మన సరుకు ఎవరు కొంటున్నారు? ఏ ధరకు?
3. నలుగురం కలిసి ఒకేసారి అమ్మితే ఏం లాభం?
4. మన ఊళ్లో పదో తరగతి చదువుతున్న ఆడపిల్లలు ఎందరు? తర్వాత ఏం చదవాలనుకుంటున్నారు?