తేలికపాటి పాత కారు: భిలాయిలో కొనేవారు ఇంజను కన్నా ముందు చూడవలసింది తుప్పును

నడపడంలో ఆనందమిచ్చే చిన్న కారు ఒకటి, అందుబాటు ధరలో, పాతదైనా ఫర్వాలేదు. ఈ కోరిక ఉన్నవారికి భిలాయిలో రెండు దారులున్నాయి. ఒకటి దుర్గ్, రాయ్‌పూర్ నగరాల్లోని పాత కార్ల వ్యాపారులు. రెండోది విశాఖపట్నం. ఉక్కు కర్మాగారంలో పనికి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ నగరంలో బంధువులుంటారు. ఆ బంధువుల్లో ఎవరో ఒకరు కారు అమ్మే ఆలోచనలో ఉంటారు. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ మొదలయ్యాక ఉదయం రైలెక్కి మధ్యాహ్నానికి విశాఖ చేరి కారు చూసుకోవడం సులువైంది.

అయితే రాష్ట్రం దాటి వచ్చే పాత కారు వెంట రెండు చిక్కులు వస్తాయి. ఒకటి రేకులో ఉంటుంది, రెండోది కాగితాల్లో. కొన్న వెంటనే కారుకు మార్పులు చేయించాలనుకునేవారికి చట్టపరమైన మూడో చిక్కు కూడా ఉంది.

తేలిక వల్ల ఒరిగేదేమిటి?

స్పోర్ట్స్ కారు అనగానే పెద్ద ఇంజను గుర్తుకు వస్తుంది. కానీ ఆ పేరు తెచ్చుకున్న కార్లలో ఒక ముఖ్యమైన వర్గం తక్కువ బరువు మీదే ఆధారపడింది. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 బరువు టన్ను లోపే. 1996లో వచ్చిన బ్రిటన్ కారు లోటస్ ఎలీజ్ ఇంకా తేలిక, దాదాపు 725 కిలోలు. ఒకే వేగంతో పోతున్న రెండు కార్లలో ఒకటి రెండోదానికి సగం బరువుంటే, దాన్ని ఆపడానికి బ్రేకులు హరించవలసిన శక్తి కూడా సగమే. మలుపులో టైర్లపై పడే భారమూ తక్కువే. చిన్న ఇంజనుతోనే చురుకుదనం వస్తుంది, పెట్రోలూ మిగులుతుంది. (అదే లోటస్ సంస్థ 2023 నవంబరులో భారత విపణిలోకి వచ్చినప్పుడు ముందుగా తెచ్చింది రెండున్నర టన్నుల దాకా తూగే విద్యుత్ ఎస్‌యూవీని. కాలమహిమ.)

ఆ విదేశీ కార్లు పాతవి తెప్పించుకోవడం సామాన్యులకు అయ్యే పని కాదు. దిగుమతి నిబంధనల ప్రకారం పాత కారు తయారై 3 ఏళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపే ఉండాలి, ఆపైన భారీ సుంకం కట్టాలి. కాబట్టి ఇక్కడ దొరికే వాటిలోనే తేలికైనది వెతుక్కోవాలి.

దేశంలో తయారైన వాటిలో స్పోర్ట్స్ కారు నిర్వచనానికి అచ్చంగా సరిపోయేది శాన్ స్టార్మ్. రెండు సీట్లు, తెరుచుకునే పైకప్పు, ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో కంపెనీ 1.2 లీటర్ల ఇంజను. 1990ల చివర గోవాలో తయారైన ఈ కార్లు ఇప్పుడు చాలా అరుదు, విడిభాగాల కోసం వెతుకులాట తప్పదు. అందువల్ల ఆచరణలో మిగిలేవి చిన్న హ్యాచ్‌బ్యాక్‌లే. 1993లో వచ్చిన మారుతి జెన్ దాదాపు 750 కిలోలు, ఇంజను 50 హెచ్‌పీ. 2005 నాటి స్విఫ్ట్ టన్నుకు అటూ ఇటూగా ఉండి 87 హెచ్‌పీ ఇచ్చేది. 2018లో వచ్చిన మూడో తరం స్విఫ్ట్ పెట్రోలు రకం 855 కిలోల నుంచి మొదలవుతుంది, అంటే మొదటిదాని కన్నా తేలిక. 2017లో వచ్చిన బలెనో ఆర్‌ఎస్ బరువు 950 కిలోలు, టర్బో ఇంజను శక్తి 102 హెచ్‌పీ, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. టన్నుకు లెక్కగడితే దీని శక్తి 107 హెచ్‌పీ. 1,300 కిలోల బరువు, 115 హెచ్‌పీ ఇంజను ఉన్న ఎస్‌యూవీకి ఇదే లెక్క 88 దగ్గర ఆగిపోతుంది.

సముద్రపు గాలి, వరద నీరు

భిలాయిలో తయారయ్యే ఉక్కు రైలు పట్టాలుగా, మందపాటి ప్లేట్లుగా, వైర్ రాడ్‌లుగా బయటకు వెళుతుంది. కారు బాడీకి వాడే రేకు వేరు. సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్నా పలచన. రైలు పట్టాపై పైపొర తుప్పు పట్టినా బలం వెంటనే పోదు. కారు రేకుకు అంతే తుప్పు పడితే చిల్లు పడుతుంది. బరువు తగ్గించడానికి పొదుపుగా వాడిన రేకు కాబట్టి తేలికపాటి కారులో ప్రతి భాగమూ భారం మోస్తూనే ఉంటుంది. అందుకే ఇలాంటి కారుకు తుప్పు అందానికి సంబంధించిన లోపం కాదు, భద్రతకు సంబంధించిన లోపం.

విశాఖ తీరంలో గాలిలోని ఉప్పు తేమతో కలిసి రేకుల అతుకుల్లో చేరుతుంది. పైన మెరిసే పెయింటు కింద ఏముందో తెలియాలంటే నాలుగు చోట్ల చూడాలి. తలుపుల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు మొదటిది. ముందు షాకబ్జర్ల పైకొన వచ్చి బిగిసే ఏప్రన్ రెండోది. వెనుక సస్పెన్షను బాడీకి అతికే చోటు మూడోది. డిక్కీలో స్టెప్నీ టైరు కింది గుంట నాలుగోది. వీటిలో మొదటి మూడు కారు భారాన్ని మోసేవి. అక్కడ రేకు తినేసి ఉంటే ధర ఎంత తగ్గించినా ఆ కారును వదిలేయడమే మేలు. తలుపు అంచునో బానెట్ కొననో ఉన్న తుప్పును డెంటింగ్ పనితో సరిచేయించుకోవచ్చు.

ఇందుకు పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఉక్కు రేకుపై అది గట్టిగా పట్టుకుంటుంది. మందంగా పుట్టీ పూసిన చోట జారిపోతుంది. ఉక్కు పట్టణం వారికి ఈ పరీక్ష గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. కారును లిఫ్టుపైకి ఎక్కించి అడుగుభాగం చూడటం మాత్రం తప్పనిసరి. అడుగున కొత్తగా నల్లటి పూత పూసి ఉంటే, దాన్ని ఎప్పుడు, ఎందుకు పూయించారో అడగాలి.

వరద సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి, వాటితో పాటు వాహనాలూ మునిగాయి. అలా మునిగిన కారును శుభ్రంగా కడిగి, సీట్ల గుడ్డ మార్చి అమ్మితే బయటి చూపుకు తెలియదు. సీటు బెల్టును చివరి దాకా లాగి చూస్తే బురద గీత కనిపించవచ్చు. సీట్లు జరిగే పట్టాల బోల్టులపై తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి పొర, తివాచీ కింద సన్నటి ఒండ్రు, ఏసీ వేయగానే ముక్కవాసన, వీటిలో ఏ రెండు కలిసి కనిపించినా అనుమానించాలి. బీమా క్లెయిమ్‌ల చరిత్రను కూడా అడగాలి.

మేనమామదో పెదనాన్నగారి అబ్బాయిదో కారయితే ఇవన్నీ అడగడానికి మొహమాటం అడ్డం వస్తుంది. బంధువులు దాచిపెట్టాలని అనుకోకపోవచ్చు, వారికే తెలియకపోవచ్చు. మెకానిక్‌ను వెంట తీసుకుని వెళ్లడం ఎవరినీ అవమానించడం కాదు.

కాగితాలు రాష్ట్రం దాటేటప్పుడు

ఆంధ్రప్రదేశ్ నంబరు ఉన్న కారు దుర్గ్ ఆర్టీవో పరిధిలో సీజీ 07 నంబరుకు మారాలంటే ముందుగా అక్కడి రిజిస్ట్రేషన్ అధికారి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. దీనికి ఫారం 28. పేరు మార్పిడికి ఫారం 29, 30. కొత్త రాష్ట్రపు నంబరుకు ఫారం 27. కారుపై బ్యాంకు రుణం ఉండి ఉంటే, అది తీరిపోయినా సరే, ఆర్‌సీలో ఆ నమోదును ఫారం 35తో తొలగించి ఉండాలి. చలానాల బకాయి, ఛాసిస్ నంబరు, ఎంతమంది చేతులు మారింది అన్న వివరాలను కేంద్ర రవాణా శాఖ వాహన్ వ్యవస్థలో అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోవాలి. ఛాసిస్‌పై చెక్కిన నంబరును ఆర్‌సీతో కళ్లారా పోల్చుకోవాలి.

అమ్మకం రాష్ట్రం లోపలే జరిగితే అమ్మినవారు 14 రోజుల్లో, రాష్ట్రం దాటితే 45 రోజుల్లో సంబంధిత అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. కొన్నవారికి గడువు 30 రోజులు. వాహనం 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలి. ఈ గడువులను తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. ‘మనవాళ్లే కదా, నెమ్మదిగా మార్పిద్దాం’ అనుకుంటారు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అలాంటివారిని ఉలిక్కిపడేలా చేయాలి. కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారే పరిహారానికి బాధ్యులని కోర్టు తేల్చింది. అంటే పేరు మార్పించకపోతే ముందుగా ఇరుక్కునేది విశాఖలోని ఆ మేనమామే.

బీమా పాలసీని కూడా 14 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనకే చెందుతుంది, కారుతో రాదు.

ఇక పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో జీవితకాల పన్ను కట్టిన కారుకు కూడా ఛత్తీస్‌గఢ్‌లో మళ్లీ పన్ను కట్టాలి. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి వాపసు కోరుకోవచ్చు. ఉక్కు కర్మాగారం ఉద్యోగులకు మరో మార్గం ఉంది. 2021లో మొదలైన బీహెచ్ సిరీస్‌కు ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు అర్హులు, సెయిల్ అలాంటి సంస్థే. 2022 డిసెంబరు సవరణతో అప్పటికే సాధారణ నంబరున్న వాహనాలను కూడా ఈ సిరీస్‌లోకి మార్చుకునే వీలు కలిగింది. ఇందులో పన్ను రెండేళ్లకు ఒకసారి కడతారు. మరోసారి బదిలీ అయ్యే అవకాశమున్న ఉద్యోగి దీన్ని పరిశీలించడం మంచిది.

జెన్ వంటి పాత కారు కొనేవారు ఇంకో ఖర్చును కలుపుకోవాలి. 15 ఏళ్లు నిండిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రిజిస్ట్రేషన్‌ను 5 ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దీని రుసుము 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు.

మొదటి డబ్బు దేనిపై?

కొత్తగా కొన్నవారి మనసు సాధారణంగా సైలెన్సర్ శబ్దం వైపు, పెద్ద అల్లాయ్ చక్రాల వైపు లాగుతుంది. 15 ఏళ్ల కారులో ఆ డబ్బు వేరేచోట పెడితే తేడా ఎక్కువగా తెలుస్తుంది. ఎందుకంటే ఆ కారు ఇప్పుడు తన అసలు స్థాయిలోనే లేదు. లోయర్ ఆర్మ్ బుష్‌ల రబ్బరు పగిలి ఉంటుంది, షాకబ్జర్లు నీరసించి ఉంటాయి, స్ట్రట్ మౌంట్లు, బాల్ జాయింట్లు వదులై ఉంటాయి. ఇవన్నీ కంపెనీ భాగాలతోనే మార్పించి చక్రాల అలైన్‌మెంట్ చేయిస్తే, ఇంజనును ముట్టుకోకుండానే వేరే కారు నడిపిన అనుభూతి కలుగుతుంది.

అంతకన్నా ముందు టైర్లు. గాడి లోతు బాగానే ఉన్నా రబ్బరు వయసు చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. తక్కువ తిరిగిన కారు అని గొప్పగా చెప్పి అమ్మే వాటిలోనే ఎండిపోయిన టైర్లు ఎక్కువ. భిలాయి వేసవి వాటికి మరీ గడ్డుకాలం.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవం వేడెక్కితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకు ఒకసారి మార్చాలి, పాత కారు కొన్న వారంలోనే మార్చాలి. బ్రేకు రబ్బరు గొట్టాలు, కూలెంట్, జెన్ వంటి కార్లలో టైమింగ్ బెల్ట్ కూడా ఈ విడతలోకే వస్తాయి. పెట్రోలు గొట్టాలను ప్రత్యేకంగా చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకు తగిన పదార్థాలు 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందరి కార్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు త్వరగా పాడయ్యే అవకాశం ఉంది. పెట్రోలు వాసన వస్తే వాయిదా వేయకూడదు.

పెద్ద చక్రాల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. చక్రం, టైరు, బ్రేకు స్ప్రింగుల కింద ఉండే బరువు. రోడ్డు గతుకును సర్దుకోవలసింది ముందుగా ఆ బరువే. అది పెరిగితే టైరు రోడ్డును సరిగా అంటిపెట్టుకోదు, కుదుపు పెరుగుతుంది, వేగం అందుకోవడం మందగిస్తుంది. 13 అంగుళాల చక్రానికి బదులు బరువైన 15 అంగుళాలది బిగిస్తే, చూపుకు వేగంగా కనిపించే కారు నిజానికి నెమ్మదిస్తుంది. డిక్కీలో పెద్ద స్పీకర్ల పెట్టె పెట్టించడమూ ఇలాంటిదే. తేలిక కోసం ఏరికోరి కొన్న కారుకు బరువు కొని పెట్టడం!

చట్టం ఎక్కడ ఆపుతుంది?

ఆర్‌సీలో నమోదైన, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చట్టం 52వ సెక్షన్ అంటోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను మార్పులు అమ్మే దుకాణాల్లో ఎవరూ చెప్పరు.

బుష్‌లు, టైర్లు, బ్రేకు ప్యాడ్లు, షాకబ్జర్లు కంపెనీ ప్రమాణాల ప్రకారం మార్పించడం మరమ్మతే. ఇంజను మార్చాలంటే ఆర్టీవో ముందస్తు అనుమతి కావాలి. బాడీని కోయడం, పైకప్పు తొలగించడం, పరిమితికి మించిన శబ్దం చేసే సైలెన్సర్ బిగించడం ప్రమాదకరమైన దారులు. టర్బో కార్లలో ఈసీయూ ప్రోగ్రామ్ మార్చి శక్తి పెంచేవారు ఉన్నారు. అది కంటికి కనిపించదు గానీ క్లచ్, గేరుబాక్సు ఆ భారాన్ని మోయాలి, ప్రమాదం తర్వాత బీమా సంస్థ అడిగే ప్రశ్నలకు యజమాని జవాబు చెప్పాలి.

కారు పూర్తి సామర్థ్యాన్ని చూడాలనుకునేవారికి దుర్గ్–రాయ్‌పూర్ మధ్య 53వ నంబరు జాతీయ రహదారి సరైన చోటు కాదు. సైకిళ్లు, ట్రక్కులు, ఆటోలు, షిఫ్టు ముగించుకుని ఇళ్లకు వెళ్లేవారితో అది ఎప్పుడూ నిండి ఉంటుంది. అందుకోసం కోయంబత్తూరులో కారీ స్పీడ్‌వే, చెన్నై దగ్గర మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉన్నాయి. రెండూ భిలాయికి చాలా దూరమే. వెళ్లేవారు కొత్త బ్రేకు ద్రవం, తయారీ తేదీ చూసి కొన్న టైర్లతో వెళ్లాలి. రేసింగ్ ట్రాక్‌పై జరిగే నష్టం సాధారణ కారు పాలసీ కిందికి రాదు కాబట్టి, బయలుదేరే ముందు బీమా సంస్థ నుంచి ఆ విషయం రాతపూర్వకంగా తెలుసుకోవాలి.