మధుమేహము – స్థూలకాయ శస్త్రచికిత్స

స్థూలకాయమును తగ్గించుటకు చేయు శస్త్రచికిత్స మధుమేహమును సైతము లొంగదీయునని అమెరికాలోని ఉత్తర కరోలినాలో డాక్టర్ వాల్టర్ పోరీస్ బృందము 1995లో ప్రకటించినది. జీర్ణాశయమును చిన్నది చేసి, ఆహారమును చిన్నప్రేవుల పైభాగమునకు తగులకుండ మళ్లించు ఈ పద్ధతికి గాస్ట్రిక్ బైపాస్ అని పేరు. దీనివలన 146 మంది మధుమేహ రోగులలో 121 మందికి రక్తములోని చక్కెర సహజస్థితికి వచ్చినది. బరువు అంతగా తగ్గకమునుపే ఈ మార్పు కానవచ్చుట విశేషము. మితాహారమునకు తోడు, ప్రేవులు స్రవించు హార్మోనులలో కలుగు మార్పు ఇందుకు కారణము.

శస్త్రచికిత్సకు ముందు, సుమారు మూడు మాసముల సగటు చక్కెరను తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, దానిని అదుపులోనికి తేవలెను. కన్నులను, మూత్రపిండములను, గుండెను పరీక్షింపజేయవలెను. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను కనీసము మూడు దినములు ముందుగా వైద్యులు ఆపింతురు. లేనిచో రక్తమున ఆమ్లము పెరుగు ప్రమాదము కలదు.

అసలు అపాయము తరువాత పొంచియుండును. ఆహారము పిడికెడు కాగా, ఇన్సులిన్ మాత్రము పాత మోతాదులోనే కొనసాగినచో చక్కెర పడిపోయి రోగి స్పృహ కోల్పోవచ్చును. కావున వైద్యుని సలహాపై మోతాదును తగ్గించి, తరచుగా చక్కెరను పరీక్షించుకొనవలెను. బీ12, ఇనుము, కాల్షియము లోపింపకుండ జీవితాంతము పూరకములు సేవింపవలెను.

అంతమాత్రమున రోగము నిర్మూలమైనదని తలచరాదు. క్లీవ్‌లాండ్ క్లినిక్ 2017లో వెల్లడించిన ఐదేండ్ల పరిశీలనలో, హెచ్‌బీఏ1సీ 6 శాతమునకు మించకుండ నిలిచినది బైపాస్ పొందినవారిలో 29 శాతము మందికే. మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతము మందికి. శస్త్రచికిత్స మేలైనదే, కాని మందులు మానినవారును ఏటేటి పరీక్షలు మానరాదు. ఇంటి పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పుట చదువుకొన్న బిడ్డల విధి.