అండమాన్ ప్రయాణానికి గాలే ముహూర్తం

సెలవులకు ఎక్కడికైనా వెళ్దామనగానే మనం ముందు ఎండ సంగతి చూస్తాం. ఏప్రిల్ వస్తే రామగుండం, రెంటచింతల నలభై డిగ్రీలు దాటి మాడిపోతాయి కాబట్టి ఊళ్లు తిరగాలంటే చలికాలమే అన్న లెక్క మనలో పాతుకుపోయింది. అండమాన్‌కు ఆ లెక్క పనికిరాదు. చుట్టూ సముద్రమే కావడంతో అక్కడ ఏడాది పొడవునా పగటి వేడి ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. డిసెంబర్‌కూ ఏప్రిల్‌కూ తేడా రెండు మూడు డిగ్రీలే. నిజంగా మారేది గాలి. దాన్ని బట్టే వాన, అలలు, పడవల రాకపోకలు. అందుకే ఆ దీవులకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరి దాకా ఉన్న కాలమే అసలైన అదనని నా గట్టి నమ్మకం.

నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే రెండో పక్షంలో అండమాన్‌ను తాకుతాయి. అవి వెనుదిరిగాక ఈశాన్య గాలులు అందుకుంటాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోటు అది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు బంగాళాఖాతం ఆగ్నేయ మూలన ఏర్పడే అల్పపీడనాలు తరచూ ఈ దీవుల చుట్టుపక్కలే వాయుగుండాలుగా బలపడతాయి. 2016 డిసెంబర్‌లో, తర్వాత వర్ధా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. వాళ్లను పోర్ట్ బ్లెయిర్ చేర్చడానికి నౌకాదళం ఓడలు పంపాల్సి వచ్చింది. వాన పడితే గదిలో కూర్చోవచ్చు. ఫెర్రీ ఆగిపోతే మాత్రం విమానం టికెట్ చేతిలో ఉన్నా దీవి దాటలేం. జనవరి గడిచేసరికి ఈ గాలులు నెమ్మదిస్తాయి, వానలూ బాగా తగ్గిపోతాయి. కొండల మీంచి మట్టినీళ్లు దిగకపోవడంతో తీరం దగ్గర నీరు తేటపడుతుంది. ఎలిఫెంట్ బీచ్‌లో ముఖానికి అద్దం తగిలించుకుని నీళ్లలో తల ముంచితే పగడాల సందుల్లో దూరే చేపలు చారలతో సహా కనబడేది అప్పుడే.

పిల్లల బడులు మార్చిలో ఎలా వదిలిపెడతారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలవుతాయి కాబట్టి, ఇవ్వగానే బయల్దేరడం మేలు. మే దాకా ఆగితే తుపాను భయం మళ్లీ మొదలవుతుంది. 2020లో అంఫన్, 2023లో మోచా మే నెలలో వచ్చినవే. ఏప్రిల్‌లో నీళ్లు బాగా వేడెక్కుతాయన్నదీ నిజమే. 2010, 2016 వేసవుల్లో ఆ వేడికే అక్కడి పగడాలు రంగు కోల్పోయి తెల్లబారాయి. పగడాల కోసమే వెళ్లేవాళ్లు ఫిబ్రవరి, మార్చిలకే కట్టుబడాలి. వానాకాలంలో గదులు చౌక అన్నది మరో వాదన. అడవి పచ్చదనం, సెల్యులార్ జైలు చూస్తే చాలనుకునేవారికి అది లాభసాటి బేరమే. సముద్రం కోసం వెళ్లేవారికి మాత్రం కాదు.

మంచి కాలంలోనైనా పోటు, ఆటు వేళలు ముందే కనుక్కోవాలి. నీల్ దీవిలోని సహజ రాతి వంతెన దగ్గరకు ఆటు సమయంలోనే నడిచి వెళ్లగలం, అదీ పాకుడు పట్టిన రాళ్ల మీద. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకుంటే ఒక ఫెర్రీ రద్దయినా విమానం తప్పిపోదు.