పంజరం పిట్టా? పొలం పిట్టా?

కౌజు పిట్ట కూరంటే చెవి కోసుకునేవాళ్ళు మనవైపు తక్కువేం కాదు. వెనకటి రోజుల్లో వేటగాళ్ళు ఒక పిట్టను పంజరంలో దీమంగా పెట్టి, దాని కూతకు పరుగెత్తుకొచ్చిన వాటిని వలలో వేసి, సంతకు తెచ్చేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది నేరమయింది. చట్టం మారితే మాత్రం నాలుక మారుతుందా?

ఆ తర్వాత రెండేళ్ళకే, 1974లో, ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు అమెరికా నుంచి జపాను కౌజులు వచ్చాయి. ఆ పిట్టల్ని జపానువారు మొదట పెంచుకున్నది కూరకోసం కాదు, కూతకోసం! ఇప్పుడవి మన పల్లెల్లో కూడా పెరుగుతున్నాయి.

ఈమధ్య ఒక రైతు ఇంటి పెరట్లో వాటిని చూశాను. పిడికెడు పిట్ట. అయిదు వారాలకు అమ్మకానికి వస్తుంది. ఆరేడు వారాలకు గుడ్లు మొదలు. బాగా మేపితే ఏడాదికి 250 దాకా పెడుతుంది. గుడ్డు పది గ్రాములే, పెంకుమీద సిరా చిలకరించినట్టు మచ్చలు.

"గుడ్లు పెట్టడమే గాని పొదగడం ఎరగవండీ!" అంది ఆ ఇల్లాలు నవ్వుతూ. మిషనులో పెడితే 17, 18 రోజులకు పిల్లలవుతాయి. తరతరాలుగా పంజరంలో వుండి, పాపం, పొదుగు మరిచిపోయాయి. అందుచేత వీటిని వదిలిపెట్టి పొలాలను నింపుదామంటే కుదరదు. పైగా మన పొలం కౌజు జాతి వేరు. పెంపుడు పిట్ట చేయగల మేలల్లా కొనేవాణ్ణి తనవైపు తిప్పుకోవడమే.

అదీ తనంత తాను జరగదు. పంజరాల్లో లక్షలకొద్దీ కౌజులున్న జపానులోనే అడవి కౌజులు తగ్గిపోయి, 2013లో వాటి వేటను నిషేధించవలసి వచ్చింది. మనవాళ్ళకయితే పొలం పిట్టకే రుచి ఎక్కువన్న పట్టుదల ఒకటి! ఈ ఇంటికొచ్చే బేరగాళ్ళలోనూ కొందరు గొంతు తగ్గించి, "అసలు పిట్ట దొరుకుతుందా?" అని అడుగుతారట.

"మరి వెనక వల వేసినవాళ్ళు వీటిని పెంచుతున్నారా అమ్మా?" అన్నాను.

"ఎక్కడండీ! మిషనుకు డబ్బు కావాలి, దానికి కరెంటు కావాలి. వాళ్ళకు నిలకడగా ఇల్లే లేదాయె. ఒకాయన మాత్రం వారం వారం వచ్చి మా పిట్టల్ని పట్టుకెళ్ళి అమ్మిపెడుతున్నాడు. పిట్టకింతని ఇస్తాం. ఈసారి పిల్లల్ని అరువిమ్మని అడిగాడు. మావారు ఇంకా ఆలోచిస్తున్నారు" అంది.