ఊడిన ఉద్యోగానికి గడువెంత?

లేఆఫ్ కబురు వినగానే చుట్టాలు, స్నేహితులు అనే మొదటి మాట ఒకటే: "అంతా మన మంచికే." ఆ వెంటనే ఉద్యోగం పోయాక కోట్లు గడించినవాళ్ల పేర్లు నాలుగు బయటికొస్తాయి. ఆ జాబితాకు, ఇద్దరు సినీ దిగ్గజాలు పెరిగిన భవానీపూర్ నుంచి ఎవరినైనా చేర్చాలనుకుంటే మాత్రం చిక్కొచ్చిపడుతుంది.

దక్షిణ కోల్‌కతాలోని ఈ పాత పేటలో, గిరీశ్ ముఖర్జీ రోడ్డులోని ఇంట్లో పెరిగాడు అరుణ్ కుమార్ చటర్జీ. చదువు పూర్తికాకముందే కలకత్తా పోర్ట్ ట్రస్టులో గుమస్తాగా చేరాడు. 1948లో 'దృష్టిదాన్'తో తెరమీద కనిపించాడు. ఆ తర్వాత సినిమాలు వరసగా బోల్తా కొడుతుంటే 'ఫ్లాప్ మాస్టర్ జనరల్' అని ఎగతాళి చేసింది పరిశ్రమ. 1952లో 'బసు పరిబార్', మరుసటి ఏడాది 'షాడే చువాత్తర్' వచ్చాకగానీ ఉత్తమ్ కుమార్‌గా నిలదొక్కుకోలేదు. బెంగాలీలు మహానాయకుడని పిలుచుకునే ఈ నటుణ్ని తొలి ఏళ్లలో మోసింది రేవు గుమస్తా జీతమే.

ఇదే పేటలో మరో కథ ఉంది. సినీ దర్శకుడు సత్యజిత్ రాయ్ తాత స్థాపించిన 'యు. రాయ్ అండ్ సన్స్' ముద్రణాలయం 1920లలో దివాలా తీసింది. అప్పటికే తండ్రి సుకుమార్ రాయ్ లేడు. గర్పార్‌లోని సొంతిల్లు వదిలి, తల్లి సుప్రభ పసివాడైన సత్యజిత్‌ను తీసుకుని భవానీపూర్ బకుల్ బగాన్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి చేరింది. ఆ ముద్రణాలయం మూతపడటం వల్లే రాయ్ అంతటివాడయ్యాడని ఎవరైనా అనొచ్చు. అలా అనడం తేలిక. కుట్టుపనీ చేతిపనులూ నేర్పే ఉద్యోగం చూసుకుని కొడుకును పెంచిన సుప్రభను అడిగితే ఏమనేదో! ఆ కొడుకైనా 1943లో డి.జె. కీమర్ ప్రకటనల సంస్థలో నెలకు ఎనభై రూపాయలకు చేరాడు. 1952లో 'పథేర్ పాంచాలీ' మొదలెట్టినా ఆ కొలువు వదల్లేదు. ఆదివారాల్లో షూటింగ్ చేశాడు, డబ్బు చాలకపోతే జీవిత బీమా పాలసీ తాకట్టు పెట్టాడు.

ఇద్దరూ తమ రాజీనామా తేదీని తామే ఎంచుకున్నారు. లేఆఫ్‌లో లేనిది సరిగ్గా అదే.

మరి లేఆఫ్ తర్వాత నిజంగానే వెలిగినవాళ్ల మాటేమిటి? తరచూ వినపడే పేరు మైకేల్ బ్లూంబర్గ్. 1981లో సాలమన్ బ్రదర్స్ సంస్థ చేతులు మారినప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో ఆయన్ను బయటికి పంపారు. ఆర్థిక సమాచారం అందించే సొంత కంపెనీ పెట్టి అపర కుబేరుడయ్యాడు. ఈ కథ చెప్పేవాళ్లు గబుక్కున దాటేసే వివరం ఒకటుంది. వెళ్లిపోయేటప్పుడు ఆయన చేతిలో ఉన్నది కోటి డాలర్లు.

కోటి డాలర్లు లేనివాళ్ల సంగతి అర్థశాస్త్రవేత్తలు ఓపిగ్గా లెక్కగట్టారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆరేళ్లకు పైగా ఒకే సంస్థలో పనిచేసి, సామూహిక తొలగింపుల్లో కొలువు పోగొట్టుకున్నవారిని జాకబ్‌సన్, లాలోండ్, సల్లివాన్ పరిశీలించారు. ఏళ్లు గడిచినా వారి ఆదాయం, కొలువు నిలిచి ఉంటే వచ్చేదానికన్నా సుమారు 25 శాతం తక్కువే ఉందని 1993లో ప్రచురించారు. 2009లో సల్లివాన్, ఫాన్ వాక్టర్ అదే రాష్ట్రపు ఉద్యోగుల వివరాలను మరణాల రికార్డులతో కలిపి చూశారు. నలభయ్యో ఏట పాత కొలువు పోగొట్టుకున్న మగవాడి ఆయుర్దాయం ఏడాది నుంచి ఏడాదిన్నర తగ్గుతుందని అంచనా వేశారు. "మన మంచికే" అనే ముందు ఈ అంకెలు ఓసారి తలుచుకోవాలి.

అలాగని ఆ మాట పూర్తిగా ఉత్తిదీ కాదు. 2014 ఫిబ్రవరిలో లండన్ భూగర్భ రైలు సిబ్బంది రెండు రోజులు సమ్మె చేశారు. చాలా స్టేషన్లు మూతపడి, జనం వేరే దారులు వెతుక్కున్నారు. సమ్మె ముగిశాక ప్రయాణ కార్డుల సమాచారం చూస్తే సుమారు 5 శాతం మంది పాత దారికి తిరిగి రాలేదు. మెరుగైన దారి ఎప్పటినుంచో ఉంది, బలవంతాన తోస్తేగానీ కనబడలేదు. కొందరి ఉద్యోగాల విషయంలోనూ జరిగేది ఇదే. కానీ మిగతా 95 శాతం మందినీ మరవకూడదు. పైగా లండన్‌వాసులకు రెండు రోజుల్లో పాత రైలు తిరిగొచ్చింది.

కొత్త దారి వెతకడానికి కావలసింది ధైర్యం కన్నా ముందు వ్యవధి. హైదరాబాద్‌కు ఇది 2009లోనే తెలిసొచ్చింది. లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ జనవరి 7న అధినేత రామలింగరాజు రాసిన లేఖతో సత్యం కంప్యూటర్స్ కుప్పకూలింది. కొత్త యాజమాన్యం వచ్చాక, అదే ఏడాది పనిలేని వేలమందిని 'వర్చువల్ పూల్'లో పెట్టారు. మూలవేతనం, భవిష్య నిధి, ఆరోగ్య బీమా కొన్ని నెలలపాటు కొనసాగాయి. ఇంటికి చేరే జీతం బాగా తెగ్గోసినా, ఇంకోచోట పని వెతుక్కునే వెసులుబాటు ఉంది. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్న మనవాళ్లకు ఆ వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త కంపెనీయో, వేరే వీసాయో కుదరకపోతే ఇల్లూ వాకిలీ సర్దుకుని బయల్దేరాల్సిందే. ఇంటి అప్పు కంతులూ పిల్లల బడీ మెడమీదుంటే, మనసుకు నచ్చిన పని వెతుక్కోమన్న సలహా చెవికెక్కుతుందా?

ఇంట్లో రెండో జీతం ఉంటే ఆ గడువు సాగుతుంది. రాయ్ 1963లో తీసిన 'మహానగర్'లో ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇంటింటికీ తిరిగి అల్లిక యంత్రాలు అమ్మే ఆరతిని ఉద్యోగం మానెయ్యమంటాడు భర్త. రాజీనామా పత్రంతో ఆమె ఆఫీసుకు వెళ్తే, అక్కడికే అతని ఫోన్ వస్తుంది. తాను పనిచేసే బ్యాంకు మూతపడిందట, రాజీనామా ఇవ్వొద్దట!

మన చట్టం ఈ గడువును డబ్బు రూపంలో ఇస్తుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కిందైనా, 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కిందైనా, తొలగించిన కార్మికుడికి నిండిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం ముట్టాలి. పదేళ్లు చేసినవారికి అయిదు నెలల జీతం. కొత్త పని నేర్చుకోవడానికని మరో పదిహేను రోజుల వేతనాన్ని కోడ్ అదనంగా చేర్చింది. అయితే ఈ చట్టాల లెక్కలో మేనేజర్ పని చేసేవారు కార్మికులు కారు. వారికి నియామక ఒప్పందంలో రాసుకున్నదే దక్కుతుంది, మిగతాది కంపెనీ దయ. టీసీఎస్ 2025 జులైలో సుమారు 12 వేలమందిని తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు, వేటు ఎక్కువగా పడేది మధ్య, పై స్థాయిల వారి మీదేనని చెప్పింది.