వీధి కెమెరా, ముఖ గుర్తింపు: పోలీసు నిఘా – చట్టం

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వరకు ఒకసారి నడవండి. ఆ దారి మీకు తెలియకపోతే మీ ఊరి బజారునే ఊహించుకోండి. సిగ్నల్ స్తంభం మీద ఒక కెమెరా, స్వీట్ షాపు బోర్డు కింద ఇంకొకటి, హాస్టల్ గేటు మీద మరొకటి కనిపిస్తాయి. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ ఒకటి పోలీసులది, ఒకటి దుకాణదారుడిది, ఒకటి హాస్టల్ యజమానిది. ఏదైనా జరిగితే మాత్రం మూడింటి ఫుటేజీ చేరేది ఒకే పోలీస్ స్టేషన్‌కు.

ఈ భాగంలో మీరు ముఖ్యంగా గమనించవలసిన తేడా ఒకటుంది. సీసీ కెమెరా ఒక స్థలాన్ని చూస్తుంది. ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ ఒక మనిషిని వెతుకుతుంది. సాధారణ సంభాషణలో ఈ రెండింటినీ కలిపి ‘కెమెరాలు’ అనేస్తాం. చట్టం దృష్టిలో ఇవి రెండూ ఒకటి కావు.

కెమెరాకు ఉన్న చట్టం

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. విభజన తరువాత తెలంగాణలోనూ అది కొనసాగుతున్నది. ఒకేసారి 100 మంది లేదా అంతకు మించి గుమిగూడే అవకాశమున్న దుకాణాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు వంటివి సీసీ కెమెరాలు పెట్టుకోవాలని, ఫుటేజీని 30 రోజులు భద్రపరచాలని, పోలీసులు అడిగితే ఇవ్వాలని ఈ చట్టం చెబుతుంది. అశోక్‌నగర్‌లోని పెద్ద కోచింగ్ సెంటర్లు సహజంగానే దీని పరిధిలోకి వస్తాయి. దీనికి తోడు ‘నేను సైతం’ కార్యక్రమం కింద కాలనీవాసులు, వ్యాపారులు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టించారు. నగరంలోని కెమెరాల దృశ్యాలను ఒకే చోట చూసేందుకు బంజారాహిల్స్‌లో నిర్మించిన కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టు 4న ప్రారంభమైంది.

ఈ ఫుటేజీ ఎంత విలువైనదో చిక్కడపల్లిలోనే చూశాం. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రదర్శన సందర్భంగా సంధ్య థియేటర్ వద్ద తొక్కిసలాట జరిగి ఒక మహిళ మరణించారు, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. కేసు చిక్కడపల్లి పోలీస్ స్టేషన్‌లో నమోదైంది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నదానిపై భిన్న వాదనలు వినిపిస్తున్న సమయంలో, డిసెంబరు 22న హైదరాబాద్ పోలీసులు సీసీ దృశ్యాలను, ఇతర వీడియోలను కూర్చి విడుదల చేశారు. కెమెరాలు అసలే వద్దనేవారు ఈ ఉదాహరణకు జవాబు చెప్పుకోవాలి. అయితే పోలీసులు కూర్చిన వీడియో వేరు, కోర్టు ముందు సాక్ష్యం వేరు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కోరే ధ్రువపత్రం వంటి షరతులు నెరవేరాకే ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు సాక్ష్యంగా స్వీకరిస్తుంది.

30 రోజులన్న గడువును గుర్తుంచుకోండి. బస్టాపులో మీ బ్యాగు పోయినా, ఎవరైనా మీమీద చేయి చేసుకున్నా ఫిర్యాదులోనే ‘ఫలానా చోటి ఫుటేజీని భద్రపరచండి’ అని రాసివ్వాలి. ఆలస్యమైతే పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డయిపోతాయి.

పోలీస్ స్టేషన్లూ నిఘాకు అతీతం కావు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, ప్రవేశద్వారాలు కనిపించేలా కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. ఆ రికార్డును 18 నెలలు ఉంచాలన్నది. అంత వీలుకాకపోతే కనీసం ఏడాది. దుకాణానికి 30 రోజులు, లాకప్‌కు 18 నెలలు – ఈ తేడా ఎందుకో ఆలోచించండి.

ముఖాన్ని అంకెలుగా మార్చడం

ముఖ గుర్తింపులో సాఫ్ట్‌వేర్ ముందుగా ఫోటోలో ముఖం ఎక్కడుందో కనుక్కుంటుంది. తరువాత ఆ ముఖ లక్షణాలను ఒక అంకెల వరుసగా మారుస్తుంది. ఆ వరుసను డేటాబేస్‌లోని ఫోటోల వరుసలతో పోల్చి, పోలిక ఎంత దగ్గరగా ఉందో లెక్క చెబుతుంది. అది ‘ఇతనే’ అని ఎన్నడూ చెప్పదు, ‘ఇంత శాతం పోలిక ఉంది’ అని మాత్రమే చెబుతుంది. ఎంత శాతం దాటితే అనుమానించాలన్నది మనుషులు పెట్టుకునే గీత. ఢిల్లీ పోలీసులు 80 శాతం దాటితే సరిపోలినట్టుగా తీసుకుంటామని సమాచార హక్కు కింద తెలిపారు.

చిన్న లెక్క చేద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు మాత్రమే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక సాయంత్రం 10,000 ముఖాలను పరిశీలించారు. అందులో పోలీసులకు కావలసినవాడు ఒక్కడే. సాఫ్ట్‌వేర్ వెయ్యికి ఒకసారి మాత్రమే పొరబడుతుంది. అప్పుడు దాదాపు 10 మంది నిరపరాధులు, ఒక నిందితుడు – మొత్తం 11 హెచ్చరికలు వస్తాయి. ‘99.9 శాతం కచ్చితం’ అన్న యంత్రం ఇచ్చిన 11 హెచ్చరికల్లో 10 తప్పు!

పోలిక పొరపాటు మనిషిని ఎక్కడికి తీసుకుపోగలదో చూపే ఉదంతం ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ దృశ్యాల్లోని వ్యక్తిని పోలి ఉన్నాడన్న అనుమానంతో ఒక కూలీని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. తరువాత వదిలేశారు. తనను తీవ్రంగా హింసించారని ఆరోపించిన ఆయన ఆ ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో మరణించారు. హైకోర్టు దీన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించింది. అక్కడ పోల్చింది యంత్రమని చెప్పడం లేదు. పోలికను రుజువుగా తీసుకోవడమే అక్కడి ప్రమాదం. యంత్రం శాతం చెప్పినప్పుడు ఆ పోలిక మరింత నమ్మదగినదిగా కనిపిస్తుంది.

మంచి ఫలితాలూ ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఒక బాలుడు అస్సాంలోని బాలల గృహంలో ఉన్నట్టు 2020లో తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’ సాధనం ద్వారా తెలిసింది. ఆ తల్లిదండ్రులకు గోప్యత గురించి పాఠం చెప్పగలమా? కానీ తప్పిపోయిన పిల్లవాడిని వెతకడానికి ఇచ్చిన అనుమతి, దారినపోయే ప్రతివారి ముఖాన్నీ వెతకడానికి అనుమతి కాదు.

చట్టం ఎక్కడ ఆగింది?

తెలంగాణ పోలీసుల ‘టీఎస్ కాప్’ యాప్‌లో 2018లో ముఖ గుర్తింపు చేరింది. అంటే వీధిలో కానిస్టేబుల్ చేతిలోని ట్యాబ్‌కే ఈ శక్తి వచ్చింది. 2021 మే నెలలో లాక్‌డౌన్ సమయంలో పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమన్నారు. ఆయన నిరాకరించినా ఫోటో తీసుకున్నారు. ఎందుకు, ఏ చట్టం కింద అని ఆయన హైకోర్టుకు వెళ్లగా, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు జారీచేసింది.

ఆయన ప్రశ్న చాలా సూటిగా ఉంది. 2013 చట్టం కెమెరా గురించి, ఫుటేజీ గురించి మాట్లాడుతుంది, ముఖాలను పోల్చడం గురించి కాదు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం ప్రధానంగా శిక్షపడినవారి, అరెస్టయినవారి ఫోటోలు, కొలతలకు సంబంధించినది. వాటిని 75 ఏళ్లు దాచవచ్చు. నడిచిపోతున్న పాదచారి సంగతి అందులో లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నేర నివారణ, దర్యాప్తు పనులకు చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది.

పుట్టస్వామి తీర్పులో (2017 ఆగస్టు 24) తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ హక్కులో రాజ్యం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు. ముఖ గుర్తింపును సమర్థించేవారు సాధారణంగా రెండో షరతు గురించే మాట్లాడతారు. నా అంచనాలో అసలు చిక్కు మొదటిదానితోనే ఉంది. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ పోలీసుల మీద బ్రిడ్జెస్ వేసిన కేసులో అప్పీలు కోర్టు 2020 ఆగస్టులో ఇదే పట్టుకుంది: ఎవరి ఫోటో జాబితాలో చేర్చాలి, ఎక్కడ వాడాలి అన్నది పోలీసుల ఇష్టానికే ఎక్కువగా వదిలేశారని ఆక్షేపించింది.

2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు జీవో 29ని వ్యతిరేకిస్తూ అశోక్‌నగర్ వీధుల్లోకి వచ్చారు. అక్కడ ముఖ గుర్తింపు వాడారని ఇక్కడ చెప్పడం లేదు. కానీ ఉద్యోగానికి ముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుందని తెలిసిన అభ్యర్థి, తన ముఖం ఏ జాబితాలో చేరుతుందోనన్న భయంతో శాంతియుత సభకు కూడా వెళ్లకుండా గదిలోనే ఉండిపోతే, 19వ అధికరణ ఇచ్చిన హక్కు ఎవరూ నిషేధించకుండానే చేజారుతుంది.

అభ్యాసం: మీ ఇంటి నుంచి బస్టాపు వరకు ఉన్న కెమెరాలను లెక్కపెట్టండి. ప్రతిదాని ఎదుట యజమాని ఎవరు, ఫుటేజీ ఎన్ని రోజులు ఉంటుంది అని రాయండి. తెలియనిచోట దుకాణదారుడిని అడగండి. ఆ తరువాత మీ పోలీస్ కమిషనరేట్ లేదా జిల్లా పోలీసు కార్యాలయ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి: ముఖ గుర్తింపును ఏ చట్టం కింద వాడుతున్నారు? ఎంత శాతం పోలికను సరిపోలినట్టుగా పరిగణిస్తున్నారు? పొరపాటున చేరిన ఫోటోను తొలగించే విధానం ఏమిటి? వచ్చిన జవాబును, లేదా తిరస్కరణను, మీ అధ్యయన కేంద్రంలో తోటి విద్యార్థులతో చర్చించండి.