ఆలోచన వేగమును కొలుచు ఫోను

నడకలోని తడబాటు పదిమందికిని కనబడును. ఆలోచనలోని తడబాటు ఎవరికి కనబడును? నేడు నేను మీతో ముచ్చటింపదలచినది దీనినిగూర్చియే.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధియందు దేహమును రక్షింపవలసిన శక్తియే మెదడు, వెన్నుపాములలోని నరముల తొడుగును చెఱచును. గట్టు తెగిన కాలువ నీరు చివరి మడికి ఆలస్యముగా చేరునట్లు, నరములలోని వార్త ఆలస్యమగును. పారిస్ వైద్యుడు షార్కో 1868లో ఈ వ్యాధిని వివరించెను. రోగులకు జ్ఞాపకము సన్నగిల్లుటను, తలంపులు మెల్లగా పుట్టుటనుగూడ ఆయన గుర్తించెను. అయినను ఇంటివారు దీనిని సోమరితనమని నిందించుట కద్దు.

దీనిని కొలుచుట కొక పరీక్ష గలదు. తొమ్మిది గుర్తులకు ఒకటి మొదలు తొమ్మిది వఱకు అంకెలు జతపఱతురు. గుర్తును చూచి అంకెను చెప్పవలెను. 90 సెకండ్లలో సరిగా చెప్పినవి ఎన్నియో లెక్కింతురు. ఆరన్ స్మిత్ 1973లో ప్రకటించిన ఈ పద్ధతి నేడు స్మార్ట్‌ఫోనులోనికి వచ్చినది. రోగి తన యింటనే కూర్చుండి, తెరపై గుర్తును చూచి అంకెను వ్రేలితో నొక్కును.

అయితే ఫోను లెక్కించునేగాని తీర్పు చెప్పజాలదు. చేయి వణకినను, చూపు మందగించినను, నిద్ర చాలకున్నను లెక్క తగ్గును, అలవాటుచే పెరుగును. కావున ఒకనాటి లెక్కకు బెదరక, పలుదినముల లెక్కలను వైద్యునికి చూపుట మేలని నా మనవి.

ఈ వ్యాధిగలవారు “నాకు వెంటనే తోచుటలేదు” అని చెప్పినచో, కసరక వినుడు. ఆ మాటయే మొదటి పరీక్ష.